సెల్లు మీద అంకెలు



ఈ రోజు మాట బ్యాటరీల గురించి. వాడుకుని, మళ్లీ చార్జింగ్ పెట్టుకునే ఇంటి బ్యాటరీల గురించి.

ముందుగా మీరు ఒక లెక్క వేయండి. మీ ఇంట్లో బ్యాటరీతో నడిచేవి ఎన్ని ఉన్నాయి? టార్చి లైటు ఒకటి. ఫోన్లు ఒకటో రెండో. గోడ గడియారం. టీవీ రిమోటు. పిల్లవాడి బొమ్మ కారు. కరెంటు పోతే వెలిగే చార్జింగ్ లైటు. చేలో మందు కొట్టే బ్యాటరీ పంపు. ఏడెనిమిది తేలాయి గదా! వీటిలో ఎన్నింటి సంగతి మీకు తెలుసు? "అవన్నీ మా ఆయన చూసుకుంటాడు" అనకండి. చార్జింగ్ పెట్టేది ఎవరు? ఇంట్లో ఉండే ఆడవాళ్లే.

మన మాటలు కూడా తమాషాగా మారాయి. టార్చి లైటును మనం "బ్యాటరీ" అంటాం. "ఆ బ్యాటరీ ఇటు తే" అంటే లైటు తెమ్మని. అందులో వేసేదాన్ని సెల్లు అనేవాళ్లం. ఇప్పుడు సెల్లు అంటే ఫోను అయి కూర్చుంది. అందుకని ఇక్కడ ఒక ఏర్పాటు చేసుకుందాం. టార్చి అంటే లైటు. సెల్లు అంటే టార్చిలో వేసే గుండ్రటి ముక్క. ఫోను ఫోనే.

టార్చి ఎందుకంత ముఖ్యం? మన పల్నాడు సంగతే చూడండి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కాలువ కింద చేలకు నీళ్లు వంతుల మీద వస్తాయి. వంతు రాత్రి పూట వస్తే రాత్రే పోవాలి. మిరప కోతలప్పుడు కూలికి పోయే ఆడవాళ్లు తెల్లారకముందే లేస్తారు. చీకట్లోనే వంట, చీకట్లోనే పశువుల పని. కోతలకు వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చేల దగ్గర గుడారాల్లో పడుకుంటారు. వాళ్లకు కరెంటు ఎక్కడిది?

చీకట్లో ఏముంటాయో మీకు చెప్పక్కర్లేదు. రక్తపింజర, కట్లపాము, తేలు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. ఎక్కువ చావులు పల్లెల్లోనే. సగం చావులు వానాకాలంలోనే. ఎక్కువగా చనిపోతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. టార్చి వెలుగుకు పాము భయపడి పారిపోదు. కానీ దాని మీద మన కాలు పడకుండా వెలుగు కాపాడుతుంది. కాటు పడితే మంత్రాలు కాదు, వెంటనే ఆసుపత్రి.

మరి ఇంట్లో టార్చి ఉండి కూడా సగం దారిలో ఆరిపోతే? "నిన్ననే చార్జింగ్ పెట్టానే!" అంటాం. పెట్టిన మాట నిజమే. ఎంతసేపు పెట్టాం? ఏ సెల్లుకు పెట్టాం? అక్కడ ఉంది కిటుకు. ఆ కిటుకు సెల్లు మీదే అచ్చు వేసి ఉంటుంది. ఇంగ్లీషు రానక్కర్లేదు. మీరు నేర్చుకున్న అంకెలు చాలు.

సెల్లు చేతిలోకి తీసుకోండి. వెలుతురులో తిప్పి చూడండి. ఒక చివర కూడిక గుర్తు ఉంటుంది. రెండో చివర తీసివేత గుర్తు ఉంటుంది. టార్చి లోపల కూడా ఇవే గుర్తులు ఉంటాయి. గుర్తుకు గుర్తు కలిపి వేయాలి. ఇది చాలామందికి తెలుసు.

ఇప్పుడు ఇంకో అంకె వెతకండి. దాని పక్కన వి అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. రెండు గీతలు కింద కలిసి ఉంటాయి. గుడిసెను తలకిందులు చేసినట్టు ఉంటుంది. అది వోల్టు గుర్తు. దాని పక్కన 1.5 అని ఉందా? అది మామూలుగా ఒకసారి వాడి పారేసే సెల్లు. 1.2 అని ఉందా? అది మళ్లీ మళ్లీ చార్జింగ్ పెట్టుకునే సెల్లు. రెండూ చూడటానికి ఒకే తీరు. ఒకే లావు, ఒకే పొడవు. తేడా ఆ చిన్న అంకెలో ఉంది. 1.5 సెల్లును చార్జర్లో పెట్టకూడదు. వేడెక్కుతుంది. కారుతుంది. పగిలినా పగులుతుంది.

3.7 అని ఉంటే అది లిథియం సెల్లు. దాన్ని దాని టార్చిలోనే వాడాలి. దాని చార్జర్‌లోనే పెట్టాలి. మామూలు టార్చిలో వేస్తే బల్బు మాడిపోతుంది.

పాత రోజుల్లో సెల్లు మందగిస్తే ఎండలో పెట్టేవాళ్లు. మీరూ పెట్టి ఉంటారు. కాసేపు వెలిగేది కూడా. వేడికి లోపలి మందు కొంచెం చురుకైంది, అంతే. కొత్త శక్తి ఏమీ చేరలేదు. అడుగున మిగిలిన గంజిని గరిటెతో గీరినట్టు. చార్జింగ్ అంటే అది కాదు. చార్జింగ్‌లో కరెంటును వెనక్కి పంపుతాం. సెల్లు వాడినప్పుడు లోపలి మందు ఒక రకంగా మారుతుంది. వెనక్కి కరెంటు పంపితే ఆ మందు మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. 1.5 సెల్లులో మందు అలా సరిగా తిరిగి రాదు. 1.2 సెల్లులో వస్తుంది. కొన్ని వందల సార్లు వస్తుంది.

ఇక అసలు అంకె. 1.2 సెల్లు మీద ఇంకో పెద్ద అంకె ఉంటుంది. 600 కావచ్చు. 1000 కావచ్చు. 2000 కావచ్చు. దాని పక్కన ఎం, ఏ, హెచ్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అది సెల్లు కడుపు. అంటే అందులో ఎంత పడుతుందో చెప్పే అంకె. బిందె పెద్దదా, చెంబు చిన్నదా అన్నట్టు. కొనేటప్పుడు ఈ అంకె చూసి కొనండి. రెండు సెల్లులు ఒకే ధర చెప్పి, ఒకటి 600, ఇంకొకటి 2000 అయితే ఏది తీసుకుంటారు?

అయితే నమ్మలేనంత పెద్ద అంకె వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. టార్చిలో వేసే చిన్న 1.2 సెల్లుకు 2500 దాటి ఎంతో ఉండదు. 5000 అని ఉంటే అది అబద్ధపు అంకె.

ఇప్పుడు చార్జర్ తిప్పి చూడండి. దాని వెనక చాలా అంకెలు ఉంటాయి. 230 అంటే గోడ కరెంటు. అది వదిలేయండి. సెల్లులోకి ఎంత పంపుతుందో చెప్పే అంకె వేరే ఉంటుంది. దాని పక్కన ఎం, ఏ అనే రెండు అక్షరాలే ఉంటాయి. 200 అని ఉందనుకుందాం. అది నీళ్లు పోసే ధార. కడుపు 2000, ధార 200. ఎన్ని గంటలు పడుతుంది? భాగహారం చేయండి. 2000ను 200తో భాగిస్తే 10. పది గంటలు.

పది గంటలకే తీస్తే సెల్లు నిండదు. ఎందుకని? పోసిన దాంట్లో కొంత వేడిగా పోతుంది. బిందె నింపేటప్పుడు కొన్ని నీళ్లు ఒలికినట్టు. అందుకని ప్రతి 10 గంటలకు ఇంకో 4 గంటలు కలపాలి. 10 కి 4 కలిపితే 14. కడుపు 1000 అయితే? 5 గంటలు వచ్చింది. దానికి 2 కలపండి. 7 గంటలు.

సాయంత్రం 6 గంటలకు పెడితే, 14 గంటల సెల్లు పొద్దున 8 గంటలకు తీయాలి. మధ్యలో కరెంటు పోతే ఆ గంటలు లెక్కలోకి రావు. రెండు గంటలు కరెంటు పోతే 10 గంటలకు తీయాలి. ఇదంతా తలలో పెట్టుకోవడం కష్టం. చార్జర్ పెట్టిన గోడ పక్కనే సుద్దముక్కతో రాయండి. "పెట్టింది 6. తీసేది 8." మీ చేతిరాత మీ ఇంట్లో అందరికీ పనికొస్తుంది. పిల్లలు కూడా చూసి తీస్తారు.

కొన్ని చార్జర్లు సెల్లు నిండగానే వాటంతట అవే ఆగుతాయి. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తుంది. అలాంటిది దొరికితే అదే కొనండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా మంచిదే. ఆగని చార్జర్లో సెల్లు రెండు రోజులు మరిచిపోతే లోపల ఉడికినట్టు అవుతుంది. సెల్లు గోరువెచ్చగా ఉంటే భయం లేదు. చేత్తో పట్టుకోలేనంత వేడైతే వెంటనే స్విచ్చి ఆపాలి.

కొత్త సెల్లు కొన్న రోజే నిండుగా పని చేయదు. మూడు నాలుగు సార్లు ఎక్కించి వాడితే దారికి వస్తుంది. "మోసం చేశాడు" అని మొదటి రోజే కొట్టువాడితో పోట్లాటకు పోకండి.

ఇంకో మాట. టార్చిలో రెండు సెల్లులు ఉంటే ఆ రెండూ ఒక జత. కొమ్ములు తిరిగిన ఎద్దుకు లేగదూడను జత కట్టం గదా! ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపి వేస్తే, పాతది ముందే అయిపోతుంది. కొత్తది దాన్ని లాగుతూనే ఉంటుంది. అయిపోయిన దాన్ని ఇంకా లాగితే అది పూర్తిగా చెడిపోతుంది. అందుకని జతకు గుర్తు పెట్టండి. ఒక జత మీద పెన్నుతో 1, 1 అని రాయండి. రెండో జత మీద 2, 2 అని రాయండి. ఒకటి టార్చిలో, ఒకటి చార్జర్లో. అప్పుడు ఏ రాత్రీ చీకటి ఉండదు.

ఖర్చు మాటేమిటి? ధరలు ఊరికో తీరు. మీ కొట్లో అడిగి మీరే లెక్క వేయండి. లెక్క ఎలా వేయాలో ఇదిగో చూడండి. మామూలు సెల్లులు రెండు 30 రూపాయలు అనుకుందాం. నెలకు ఒక జత అయిపోతుంది. ఏడాదికి 360 రూపాయలు. రెండేళ్లకు 720. చార్జింగ్ సెల్లులు రెండు 300, చార్జర్ 400 అనుకుందాం. మొత్తం 700. అంటే రెండేళ్లకు ఖర్చు సమానం. మూడో ఏడు నుంచి ఏటా 360 రూపాయలు మీ చేతిలో ఉంటాయి. కరెంటు బిల్లు పెరుగుతుందా? చిన్న చార్జర్ 4 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. 14 గంటలకు 56. యూనిట్ అంటే 1000. అంటే దాదాపు 18 సార్లు పెడితే 1 యూనిట్ కాలుతుంది. అంతే.

అయితే అన్నిటికీ చార్జింగ్ సెల్లు వేయాలని లేదు. గోడ గడియారానికి మామూలు సెల్లే మేలు. ఒక్కటి వేస్తే ఏడాది నడుస్తుంది. రిమోటుకూ అంతే. చార్జింగ్ సెల్లు ఊరికే ఉన్నా కొంచెం కొంచెం దిగిపోతుంది. మామూలు రకం నెల రోజుల్లో నాలుగో వంతు దాకా దిగుతుంది. దిగకుండా నిలబడే రకం 2005 నుంచి బజారులో ఉంది, ధర ఎక్కువ. రోజూ వాడే టార్చికి, బొమ్మలకు చార్జింగ్ సెల్లు. ఎప్పుడో వాడేదానికి మామూలు సెల్లు.

ఇప్పటిదాకా చెప్పింది విడిగా తీసి పెట్టే సెల్లుల సంగతి. ఇప్పుడు చాలా ఇళ్లలో తీయక్కర్లేని చార్జింగ్ టార్చీలు వచ్చాయి. వైరు గుచ్చితే చాలు. వీటిలో రెండు జాతులు. ఒకటి సీసం బ్యాటరీ. ఇంకొకటి లిథియం బ్యాటరీ. రెండింటి గుణాలు వేరు.

సీసం బ్యాటరీ ముసలిది. ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన 1859లో దాన్ని చేశాడు. మళ్లీ మళ్లీ చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీల్లో అదే మొదటిది. కారులో, ట్రాక్టరులో, ఇన్వర్టరులో ఇప్పటికీ అదే. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీలో తయారయ్యేవి ఎక్కువగా ఇవే. పాత రకం చార్జింగ్ లైట్లలో 4 వోల్టులది ఉంటుంది. మందు కొట్టే పంపులో 12 వోల్టులది ఉంటుంది. టార్చి చేతికి బరువుగా ఉంటే అందులో సీసం ఉందని అనుకోవచ్చు.

సీసం బ్యాటరీకి ఆకలి పనికిరాదు. ఖాళీ చేసి పడేస్తే, లోపలి పలకల మీద ఉప్పు లాంటి పొర గట్టిపడుతుంది. తర్వాత ఎంత కరెంటు పెట్టినా ఎక్కదు. మిరప అయిపోయాక మందు పంపు ఏం చేస్తాం? కడిగి అటక మీద పెడతాం. మళ్లీ వానలు పడ్డాకే దించుతాం. అప్పటికి బ్యాటరీ చచ్చి ఉంటుంది. "పోయినేడు కొన్నదే, అప్పుడే పోయింది" అని తిట్టుకుంటాం. అది పోయింది పనిలో కాదు, అటక మీద. పంపు దాచే ముందు నిండుగా చార్జింగ్ పెట్టండి. రెండు నెలలకొకసారి దించి మళ్లీ పెట్టండి. వాడే రోజుల్లో అయితే చేను నుంచి రాగానే, ఆ సాయంత్రమే పెట్టాలి. పంపు బయట కడిగి, తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని అప్పుడు పెట్టండి. మందు తడి, కరెంటు తీగ, పిల్లలు, ఈ మూడూ ఒకచోట ఉండకూడదు.

లిథియం బ్యాటరీ పిల్లది. జపాను దేశంలో సోనీ కంపెనీ 1991లో దాన్ని బజారుకు తెచ్చింది. దాని వెనక పని చేసిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లలో గూడెనఫ్ అనే ఆయనకు అప్పటికి 97 ఏళ్లు. నోబెల్ అందుకున్నవాళ్లలో అంత పెద్ద వయసు వాళ్లు ఇంకెవరూ లేరు. మీ ఫోనులో ఉండేది ఈ బ్యాటరీయే. తేలికగా ఉంటుంది. ఎక్కువ వెలుగిస్తుంది.

"పూర్తిగా అయిపోనిచ్చి, అప్పుడు పెట్టాలి" అని ఒక మాట ఊరంతా చెబుతారు. కొట్లో కూడా చెబుతారు. ఆ మాట ఎక్కడ నుంచి వచ్చింది? 1899లో స్వీడన్ దేశంలో యుంగ్నర్ అనే ఆయన చేసిన నికెల్ కాడ్మియం బ్యాటరీ నుంచి. ఆ రకం బ్యాటరీకి సగం వాడి సగం ఎక్కిస్తే మొండితనం వచ్చేది. ఇళ్లలో ఆ రకం ఇప్పుడు దాదాపు లేదు. మాట మాత్రం మిగిలింది. ఫోనుకు ఆ మాట వర్తించదు. 20, 30 దగ్గర ఉండగానే పెట్టుకోండి. మధ్యలో తీసినా నష్టం లేదు. సీసం బ్యాటరీకి అయితే ఆ మాట అచ్చంగా విషం.

ఇక ఎండ. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో పేపర్లో వస్తుంది. రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్లలో అదొకటి. 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఎండ మనుషులకే కాదు, బ్యాటరీకి కూడా చేటు. 10 డిగ్రీల వేడి పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. లిథియం బ్యాటరీకి వేడి తగిలితే ఉబ్బుతుంది. అందుకని రేకుల కప్పు కింద, కిటికీలో ఎండ పడే చోట చార్జింగ్ పెట్టొద్దు. నీడలో, గాలి తగిలే చోట, గట్టి బండ మీద పెట్టండి. వేసవిలో పొద్దు గుంకిన తర్వాత పెడితే ఇంకా మంచిది. మంచం మీద, పరుపు మీద, దిండు కింద పెట్టి పడుకోవద్దు. బాలింత పక్కలో అసలే వద్దు. పొయ్యి దగ్గర, గ్యాసు బండ దగ్గర వద్దు.

ఫోను వెనక ఉబ్బిందా? టార్చి నుంచి ఘాటు వాసన వస్తోందా? ఇక చార్జింగ్ ఆపేయండి. సూదితో పొడవొద్దు, రాయితో కొట్టొద్దు. పొగ వస్తే ముందు మెయిన్ స్విచ్చి ఆపి, పిల్లలతో బయటికి రండి. ఆ పొగ పీల్చకూడదు.

చచ్చిన బ్యాటరీల సంగతి చివరికి మిగిలింది. ఇది చిన్న సంగతి కాదు. పాత బడుల్లో మామూలు సెల్లు పగలగొట్టి, లోపలి నల్ల పొడిని ఆకు రసంలో కలిపి బోర్డుకు పూసేవాళ్లు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ అలవాటుతో సీసం బ్యాటరీని కూడా పగలగొడితే ముప్పు. సీసం విషం. పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది.

ఆఫ్రికా ఖండంలో సెనెగల్ అనే దేశం ఉంది. దాని రాజధాని డాకర్. ఆ పక్కన థియారోయ్ అనే పేదల పేట ఉంది. అక్కడ ఏళ్ల తరబడి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవాళ్లు. నేల నిండా సీసం. సీసానికి ధర పెరిగింది. జనం ఆ మట్టిని సంచుల్లో ఇళ్లకు తెచ్చి, జల్లెడ పట్టి, సీసం ముక్కలు ఏరి అమ్మారు. నాలుగు డబ్బులు వస్తాయని చేశారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల ఆ పేటలో 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. మొదట ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మిగిలిన పిల్లల రక్తం పరీక్ష చేస్తే సీసం బయటపడింది. తల్లుల రక్తంలో కూడా ఉంది.

మన ఊళ్లకు పాత సామాన్లవాడు వస్తాడు. చచ్చిన బ్యాటరీ అలాగే మొత్తంగా ఇవ్వండి. ఇంటి ముందు పగలగొడతానంటే ఒప్పుకోవద్దు. ఇంకా మంచి దారి ఉంది. కొత్త సీసం బ్యాటరీ కొనేటప్పుడు పాతది కొట్టుకు తీసుకుపోండి. దాని సీసానికి విలువ ఉంది కాబట్టి ధరలో కొంత తగ్గిస్తారు. అడిగి తగ్గించుకోండి. 2022లో కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల మీద కొత్త నియమాలు తెచ్చింది. చెడిపోయిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారు చేసే కంపెనీలదే అని ఆ నియమాలు చెబుతున్నాయి. "ఇక్కడ తీసుకోం" అని కొట్టువాడు అంటే ఈ సంగతి చెప్పండి.

చిన్న సెల్లులను ఎవరూ కొనరు. వాటిని పొయ్యిలో వేయొద్దు, పేలతాయి. పెంటకుప్పలో వేయొద్దు, ఆ ఎరువు రేపు మన చేలోకే పోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకోండి. లిథియం సెల్లు కొసలకు టేపు అంటించి వేయండి. డబ్బా నిండాక నరసరావుపేటకో మాచర్లకో పోయినప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్లో, బ్యాటరీ కొట్లో అడిగి ఇవ్వండి. ఈలోగా దాన్ని పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. దాని మీద పెద్ద అక్షరాలతో మీరే రాయండి: "పాత సెల్లులు. పిల్లలు ముట్టరాదు."